అమ్మకి కుడిపక్క

పెళ్ళి ఫొటోలు ఏ పద్ధతిలో తీయించుకోవాలన్న దాని మీద మా ఇంట్లో జరిగినంత రాద్ధాంతం పెళ్ళికొడుకు విషయంలో కూడా జరగలేదు. సంబంధం కైకలూరు వైపు నుంచి వచ్చింది. చేపల చెరువులున్నవాళ్ళు, అబ్బాయి నెమ్మదస్తుడు, నాకు నచ్చాడు, అయిపోయింది. ఫొటోల దగ్గరే పీటముడి పడింది. దానికి కారణం మా అమ్మ. ఉన్నమాట చెప్పాలంటే కారణం మా నాన్న. కానీ ఆయన అప్పటికి పదకొండేళ్ళుగా లేడు. లేడంటే చనిపోయాడని కాదు. లేడు, అంతే.

మాది బందరు దగ్గర ఒక రేవు. నాకు పదిహేనేళ్ళప్పుడు కార్తీక మాసంలో నాన్న ఇంకో ముగ్గురితో కలిసి వేటకి వెళ్ళాడు. మూడోరోజు పడవ తిరిగొచ్చింది, నాన్న రాలేదు. తెల్లారగట్ల పడవ వెనక కూర్చుని చుట్ట వెలిగించుకోవడం చూశామని, మళ్ళీ అటు తిరిగేసరికి లేడని ఆ ముగ్గురూ చెప్పారు. గాలి లేదట, కెరటం లేదట. నీళ్ళలో పడ్డ చప్పుడన్నా విన్నారా అని అమ్మ అడిగితే, అదేనమ్మా మాకూ అంతుబట్టంది, అన్నారు. ఒళ్ళు ఎక్కడా ఒడ్డుకి కొట్టుకురాలేదు.

ఇలాంటప్పుడు మా రేవులో ఒక పద్ధతి ఉంది. సముద్రం మీదికి వెళ్ళిన మనిషి ఒళ్ళు దొరక్కపోతే పన్నెండేళ్ళు చూస్తారు. ఆ పన్నెండేళ్ళూ ఆ ఇల్లాలు ముత్తైదువే. బొట్టు, గాజులు, మెట్టెలు, పేరంటాలు, అన్నీ ఉంటాయి. పన్నెండూ నిండాక దర్భలతో మనిషి బొమ్మ చేసి, దానికి కర్మ చేస్తారు. ఆ రోజుతో ఆమె బొట్టు పోతుంది. మా అమ్మకి పన్నెండేళ్ళు నిండేది ఆ ఏడు కార్తీకంలో. అందుకే సంబంధం కుదరగానే పెళ్ళి శ్రావణంలో అయిపోవాలని పట్టుబట్టింది. కూతురి పెళ్ళిలో ముత్తైదువగా నిలబడాలని, అలా ఫొటో దిగాలని ఆవిడ కోరిక. వేరే ఏమీ అడగలేదు. చీర కూడా అడగలేదు.

నాన్న పోయాక, పోయాక అంటే అమ్మ ఊరుకోదు, నాన్న కనబడకుండా పోయాక మేం విజయవాడ వచ్చేశాం. భవానీపురంలో రెండు గదుల ఇల్లు. అమ్మ రేవు నుంచి ఎండుచేపలు తెప్పించి ఇంటి ముందు గదిలోనే అమ్ముతుంది. నేను చదువుకుని ఒక కోచింగ్ కాలేజీలో కెమిస్ట్రీ చెబుతున్నాను. పిల్లలు నాకు హైడ్రోజన్ బాంబు అని పేరు పెట్టారు. నోరు మంచిది కాదని నాకూ తెలుసు.

ఈ పన్నెండేళ్ళలో అమ్మ దిగిన ప్రతి ఫొటోలోనూ ఒక వింత ఉంది. ఎవరి పెళ్ళిలోనైనా, పుట్టినరోజులోనైనా, వరసలో నిలబెట్టినప్పుడు తన కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి నిలబడుతుంది. అది నాన్న చోటు. భార్య భర్తకి ఎడమపక్కనేగా నిలబడేది. చుట్టాలందరికీ ఇది తెలుసు. మొదట్లో దగ్గరికి జరుగు అనేవాళ్ళు. అమ్మ నవ్వి ఊరుకునేది, జరిగేది కాదు. ఆ తర్వాత అనడం మానేశారు. పైగా ఆ చోటుకి అలవాటు పడిపోయారు. మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, గ్రూప్ ఫొటోలో తనంతట తనే ఒక అడుగు అవతలికి జరిగి నిలబడేవాడు. చూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండేది. జాలి వేయాలేమో, వేసేది కాదు. మండేది.

జ్యేష్ఠంలో ఒక ఆదివారం అమ్మా నేనూ బెంజ్ సర్కిల్ దగ్గర ఒక స్టూడియోకి వెళ్ళాం. మెట్లెక్కి పైకి వెళితే చల్లటి ఏసీ గది, గోడ నిండా పెద్ద టీవీ, అందులో ఎవరివో పెళ్ళిళ్ళు. అక్కడి అతను మర్యాదగా కూర్చోబెట్టి అన్నీ చూపించాడు. ట్రెడిషనల్ అంటే స్టేజి మీద అందరినీ నిలబెట్టి, ఇటు చూడండి, అని తీసేది. క్యాండిడ్ అంటే మనకి తెలియకుండా మన మానాన మనం ఉన్నప్పుడు తీసేది. సినిమాటిక్, డ్రోను, ఇంకా బ్యారేజీ మీద పరిగెత్తే ప్రీవెడ్డింగు. ట్రెడిషనల్ ఫొటోల్లో జనాన్ని చూస్తే రేషన్ షాపు దగ్గర నిలబెట్టినట్టుంది. మీకు ఏది సూటవుతుందో చెప్పండి మేడమ్, అన్నాడతను. నాకు పోజులు చేతకాదు, అన్నాను.

అప్పుడతను అమ్మ వైపు తిరిగి, సార్ రాలేదాండీ, అన్నాడు. అమ్మ చెప్పేలోపు నేను, నాన్నగారు లేరండీ, అనేశాను. అతను గొంతు తగ్గించి, అయ్యో, అని, టీవీలో ఇంకో ఫొటో పెట్టాడు. అందులో పెళ్ళికూతురి వెనక ఒక పెద్దాయన నిలబడి తల మీద చెయ్యి పెట్టి దీవిస్తున్నాడు. ఆయన పెళ్ళికి నాలుగేళ్ళ ముందే పోయాడట. పాత ఫొటోలోంచి తీసి కలిపారట. ఇప్పుడు అందరూ చేయించుకుంటున్నారండీ, ఒక్క ఫొటో ఇస్తే చాలు, వయసు కూడా పెంచి పెడతాం, అన్నాడు. ఆ పెద్దాయన చెయ్యి ఆ అమ్మాయి జడకి అంగుళం పైన ఆగిపోయి ఉంది.

అమ్మ ఆ ఫొటోని బాగా చూసింది. చూసి, ఉన్న మనిషిని కలపడమేంటండీ, అంది.

నాకు తలకొట్టేసినట్టయింది. మేం క్యాండిడ్ తీసుకుంటాం, అని చెప్పి లేచాను.

నా లెక్క వేరే ఉంది. ఆ వారం ముందే మా అత్తగారు ఫోన్ చేసి, అమ్మాయ్, స్టేజి మీద ఒక కుర్చీలో మీ నాన్నగారి ఫొటో పెట్టి దండేద్దాం, నలుగురూ చూస్తారు, ఆయన దీవెన ఉన్నట్టుంటుంది, అని చెప్పారు. మంచి మనసుతోనే అన్నారు. వాళ్ళ వైపు ఈ పన్నెండేళ్ళ పద్ధతి లేదు. అదే మాట అమ్మతో అంటే అమ్మ చాలా మెల్లగా, బతికున్న మనిషికి దండేస్తారా వదినగారూ, అని అడిగిందట. ఆవిడ హడలిపోయి నాకు మళ్ళీ ఫోన్ చేశారు. ఇటు అత్తగారికి దండ కావాలి, అటు అమ్మకి ఖాళీ కావాలి. క్యాండిడ్ అయితే స్టేజీ వరసే ఉండదు. వరస లేకపోతే ఖాళీ ఉండదు, దండ అవసరం ఉండదు. ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. పెళ్ళికి సరిపడే పద్ధతి అని ఊరంతా చెప్పాను కానీ, నేను ఎంచుకున్నది తప్పించుకునే పద్ధతి.

మెట్లు దిగుతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"నీకు నచ్చినట్టే తీయించుకో. నాకు మాత్రం ఒక్కటి కావాలే. వరసగా నిలబడ్డది. ఒక్కటి చాలు."

సరేలే అన్నాను. ఒక్కదానికి ఏమవుతుందిలే అనుకున్నాను.

పెళ్ళి మా వైపునే ఏసీ కళ్యాణమండపంలో చేశాం. కన్యాదానం మామయ్యా అత్తయ్యా చేశారు. అమ్మ ఎర్రంచు పసుపు చీర కట్టుకుని, రూపాయి బిళ్ళంత బొట్టు పెట్టుకుని తిరిగింది. కుర్చీ, దండ లేవు. మా అత్తగారు నా మొహం చూసి ఆ ఊసెత్తలేదు. క్యాండిడ్ వాళ్ళు ఇద్దరు వచ్చారు. ఎప్పుడు తీస్తున్నారో ఎవరికీ తెలియలేదు.

తలంబ్రాలయ్యాక అమ్మ అడిగిన ఫొటో. స్టేజి మీద మధ్యలో మా ఆయన, ఆయనకి ఎడమపక్క నేను, నా పక్కన అమ్మ, అమ్మకి అవతల మామయ్యా వాళ్ళు. అంటే అమ్మ కుడిపక్క చోటు సరిగ్గా నాకూ అమ్మకీ మధ్యన వచ్చింది. ఫొటోగ్రాఫర్, అమ్మా, కొంచెం పాపకి దగ్గరగా రండి, అన్నాడు. అమ్మ నవ్వింది. ఇంకొంచెం, అన్నాడు. అమ్మ అంగుళం కదల్లేదు. మా అత్తగారి వైపు వాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. నా చెవులు వేడెక్కిపోయాయి. నా ఎడమ చెయ్యి మాత్రం భుజం దాకా చల్లబడిపోయింది. ఏసీ గాలి అటు నుంచే వస్తోంది, అది నిజమే. తీసెయ్యండీ, అని అరిచాను. తీసేశాడు.

పది రోజుల తర్వాత, ఆల్బమ్‌లోకి ఏవేవి వెళ్ళాలో ఏరడానికి స్టూడియోకి ఒక్కదాన్నే వెళ్ళాను. కంప్యూటర్ ముందు ఒకమ్మాయి కూర్చుని ఒక్కొక్కటీ మారుస్తోంది. వేలల్లో ఉన్నాయి. నేను ఎంత బాగున్నానో చూసుకుని మురిసిపోతూ ఒక గంట గడిపాను. ఎవరూ పోజు పెట్టలేదు, ఎవరూ బిగుసుకుపోలేదు. మంచి పనే చేశాను అనుకున్నాను.

అప్పుడా అమ్మాయి నన్ను అడిగింది. "మేడమ్, ఈ ఫొటోల్లోంచి ఎవర్నన్నా ముందే తీయించేశారా?"

అదేంటమ్మా అన్నాను. "మనిషిని తీసేస్తే ఇలాగే చోటు మిగులుతుంది మేడమ్. అమ్మగారి పక్కన చూడండి."

చూశాను. జీలకర్రా బెల్లం పెట్టేటప్పుడు చుట్టూ జనం ఒకళ్ళ మీద ఒకళ్ళు పడి చూస్తున్నారు. అమ్మకి కుడిపక్క మాత్రం ఒక మనిషి పట్టేంత నేల కనిపిస్తోంది. ఎవరికీ ఎవరూ చెప్పలేదు. అక్కడున్నవాళ్ళలో సగంమంది మా అత్తగారి వైపు వాళ్ళు, వాళ్ళకి అమ్మ అలవాటే తెలియదు. మంగళసూత్రం కట్టేటప్పుడూ అంతే. ఎవరో చంటిపిల్లాణ్ణి ఎత్తుకున్నావిడ ఆ చోటు దగ్గరికి వచ్చి, ఎవరికో దారిచ్చినట్టు పక్కకి ఒదిగి, చుట్టూ తిరిగి వెళుతోంది. వరసగా మూడు ఫొటోల్లో ఆవిడ తిరిగి వెళ్ళడం కనిపిస్తోంది. భోజనాల బంతిలో అమ్మ పక్క కుర్చీ ఖాళీ. దాని ముందు ఆకు వేసి ఉంది, అన్నీ వడ్డించి ఉన్నాయి. కేటరింగ్ వాళ్ళు ఆకు కనిపిస్తే వడ్డించుకుంటూ పోతారు, అందులో వింతేముంది? తర్వాతి ఫొటోలో ఆ ఆకు మడిచి ఉంది. ఎవరో తిని లేచి ఉంటారు అనుకున్నాను. అలా అనుకోక ఏం చేస్తాను?

ఆ పైన ఇంకొకటి వచ్చింది. మండపం స్తంభం దగ్గర అమ్మ ఒక్కతే ఉంది. తల కాస్త కుడివైపుకి వంచి, పైట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది. నా చిన్నప్పుడు నాన్న ఏదో అంటే అలా నవ్వేది. పన్నెండేళ్ళలో నేను ఆ నవ్వు మళ్ళీ చూడలేదు. అది పక్కన మాటాడే మనిషి లేకుండా వచ్చే నవ్వు కాదు.

నాకు భయమేసింది. భయం వెనకే కోపం వచ్చింది. మేం ఇద్దరమే బతుకుతున్నాం అనుకున్నాను ఇన్నేళ్ళూ. ఈవిడ నాకు చెప్పకుండా కాపురం చేసుకుంటోంది.

ఆఖర్న స్టేజి ఫొటో వచ్చింది. ఇది పెద్దది చేయించి మా అత్తగారింట్లో హాల్లో పెట్టాలని ముందే అనుకున్నారు. వచ్చిన ప్రతివాళ్ళూ, ఆ ఖాళీ ఏంటమ్మా, అని అడుగుతారు. నేను ప్రతివాళ్ళకీ చెప్పాలి. ఈ ఖాళీ మూసెయ్యడం అవుతుందా, అని ఆ అమ్మాయిని అడిగాను.

రెండు నిమిషాల పనే మేడమ్, అంది. మౌస్‌తో అమ్మ చుట్టూ గీత గీసి, అమ్మని పట్టుకుని నా వైపుకి లాక్కొచ్చింది. మామయ్యా వాళ్ళని కూడా జరిపింది. అమ్మ వచ్చి నా భుజానికి ఆనుకుంది. చూడ్డానికి బాగానే ఉంది, ఏ ఇంట్లోనైనా ఉండే ఫొటోలాగే ఉంది. ఒక్క చిక్కు వచ్చింది. అమ్మ కుడి చెయ్యి వేళ్ళు కాస్త ముడుచుకుని, దేన్నో పట్టుకున్నట్టు ఉన్నాయి. ఆ చెయ్యి నా చీర మీదికి వచ్చి అసహ్యంగా ఉంది.

"చెయ్యి అడ్డం వస్తోంది మేడమ్. తీసేయనా?"

తీసెయ్, అన్నాను. తీసేసింది.

ఆల్బమ్ ఆశ్వయుజం చివర వచ్చింది. కార్తీకం ఇంకా మొదలవలేదు. నేనే భవానీపురం పట్టుకెళ్ళాను. అమ్మ చేతులు కడుక్కుని, తుడుచుకుని, చాప మీద కూర్చుని ఒక్కో పేజీ తిప్పింది. మిగతావి చూస్తున్నంతసేపూ గలగలా మాట్లాడింది. స్టేజి ఫొటో దగ్గర ఆగింది. దాని మీద వేలు పెట్టి నాకూ తనకీ మధ్య గీత వెంట పై నుంచి కిందికి రాసింది.

"ఇలాగే నిలబడ్డామా మనం?" అంది.

"నిలబడ్డాంగా," అన్నాను.

"ఇంత దగ్గరగానా?"

"కెమెరా అబద్ధమాడుతుందా అమ్మా?" అన్నాను. ఆ మాట నా నోటితో నేనే అన్నాను.

అమ్మ ఆల్బమ్ మూసేసింది. తర్వాత, పెళ్ళి చూసి వెళ్ళిపోయాడన్నమాట, అంది. అదీ మామూలుగా, బస్సు వెళ్ళిపోయిందన్నంత మామూలుగా అంది. లేచి వెళ్ళి అన్నం వండింది. నాకు ఇష్టమని చింతచిగురు, ఎండురొయ్యలు వేసి కూర చేసింది. నేను తిని వచ్చేశాను. హమ్మయ్య అనుకున్నాను కూడా. పన్నెండేళ్ళ బట్టి నేను కోరుకున్నది అదే కదా.

మర్నాడు పొద్దున్నే మామయ్య ఫోన్ చేశాడు. అక్క బొట్టు తీసేసిందే, గాజులు కూడా తీసేసింది, అని ఏడుస్తున్నాడు. తిథి దాకా ఆగక్కా అంటే, ఎవరి కోసం ఆగాలిరా, అందట. ఆవిడకి ఇంకా ఇరవై మూడు రోజులున్నాయి. పద్ధతి ప్రకారం ఆ ఇరవై మూడు రోజులూ ఆవిడవి. వాటిని నేను లాగేసుకున్నాను. ఎవరితో చెప్పాలో తెలియక గదిలో గోడకేసి నిలబడి ఏడ్చాను. మా ఆయన ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

ఆ రోజే కాలేజీకి సెలవు పెట్టి బెంజ్ సర్కిల్ వెళ్ళాను. ఆ అమ్మాయిని అసలు ఫొటో ఉందా అని అడిగాను. ఉంది మేడమ్, మేం ఒరిజినల్ తీసెయ్యం, అంది. దాన్నే ప్రింటు తీయించుకుని, ఆటోలో ఒళ్ళో పెట్టుకుని భవానీపురం వెళ్ళాను. దారంతా మాటలు కూడబలుక్కున్నాను. తప్పు నాదని చెబుతాను, తిడితే పడతాను, కొడితే పడతాను, ఆవిడ మళ్ళీ బొట్టు పెట్టుకుంటే చాలు అనుకున్నాను.

అమ్మ ముందు గదిలో కూర్చుని ఎండు సావిడిచేపల్లో చిన్నవీ పెద్దవీ వేరు చేస్తోంది. బొట్టు లేని ఆ మొహం చూసి నేను గుమ్మంలోనే ఆగిపోయాను. రా, ఎండలో నిలబడ్డావేం, అంది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఖాళీ నేనే మూయించానని, చెయ్యి నేనే తీయించానని, నిలబడ్డాం అన్నది అబద్ధమని చెప్పాను. నాన్న ఎక్కడికీ వెళ్ళలేదమ్మా, అని కూడా అన్నాను. జీవితంలో మొదటిసారి అన్నాను ఆ మాట. అంటూ ప్రింటు చేతిలో పెట్టాను.

అమ్మకి కోపం రాలేదు. చేతులు పైటకి తుడుచుకుని, ప్రింటుని వెలుగు వైపుకి తిప్పి పట్టుకుంది. ఎప్పటిలాగే నాకూ తనకీ మధ్య చోటు ఉంది, ముడిచిన వేళ్ళు ఉన్నాయి. ఆవిడ కళ్ళు ఆ చోట్లో పైనా కిందా వెతికాయి. కళ్ళజోడు తెమ్మంది. తెచ్చిచ్చాను. పెట్టుకుని మళ్ళీ మొదటినుంచీ వెతికింది.

ఆఖరికి కళ్ళజోడు తీసేసి, ఫొటో నా ఒళ్ళో పెట్టింది.

"ఇది ఖాళీయే కదే," అంది. "ఇందులో ఎవరున్నారని తెచ్చావు?"